నలభై మూడు ముళ్ళు

జూన్ 2

కొత్త సూదులకు బెజ్జాలు బాగా చిన్నవి చేసేశారు. దానివల్ల కంపెనీవాళ్ళకు ఒరిగేదేమిటో గానీ, ఒక్క దారం ఎక్కించేసరికి నా పొద్దు సగం గడిచిపోతోంది. ఆయనతో అంటే "ఆడలేక మద్దెల ఓడు" అని పేపరు తిప్పారు. ముప్పై రెండేళ్ళుగా పసిపిల్లల బొంతలు కుడుతున్నాను, చిరిగినవి బాగుచేస్తున్నాను. ఈ వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మంది నా కుట్ల మీద దొర్లి పెరిగినవాళ్ళే. నాకు మద్దెల సంగతి చెప్పొచ్చారు.

ఈ నోటుపుస్తకం మా అమ్మాయిది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలో ఏం తినకూడదో రాసుకుంటానని కొని, రెండు పేజీలు రాసి వదిలేసింది. మిగతా పేజీలు నావి. ఆగస్టులో కాన్పు. మూడు నెలలు నిండగానే ఉద్యోగానికి వెళ్ళిపోవాలి, బిడ్డ పగలంతా నా దగ్గరే. "అమ్మ ఉండగా బయటి మనిషెందుకు" అని నా ముందే అల్లుడితో అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు.

మనవడో మనవరాలో, ఆ బొంత ఇవాళే మొదలుపెట్టాను. ఐదు పొరలు. పైన ఆయన పాత చొక్కా, లేత నీలం.

జూన్ 3

కాఫీ గ్లాసు పక్కన పోశాను. గ్లాసు జరిగినట్టుంది.

జూన్ 7

స్కూలు బస్సు నడిపే డ్రైవరు వచ్చాడు. గుమ్మం నిండే మనిషి, చంకలో చిన్న బొంత. కూతురు పుట్టి మూడు వారాలైందట. తండ్రి ఛాతీ మీద తప్ప ఎక్కడ పడుకోబెట్టినా ఏడుపేనట. తెల్లారితే బస్సు తీయాలి, ఛాతీని ఇంట్లో వదిలి వెళ్ళలేడు కదా. చిన్నప్పుడు తను పడుకున్న బొంత మీద వేసి చూద్దామంటే అంచులు పీలికలై ఉన్నాయి, మధ్యలో ఒకచోట చిరిగింది. "మా అమ్మమ్మ కుట్టిందమ్మా. అంచు పట్టీ మార్చి ఓ అతుకు వేస్తే చాలు" అన్నాడు.

అతను వెళ్ళాక కిటికీ దగ్గర పరిచాను. పరిచి, పక్కనే కూలబడ్డాను.

అడ్డంగా నలభై మూడు కుట్టు వరసలు. టేపు పెట్టి కొలిచాను. వరసకూ వరసకూ మధ్య పైన ఎంత ఉందో కింద అంతే, ఎడమ ఎంతో కుడి అంతే. నేను సుద్దగీత గీసుకుని కుట్టినా మధ్యలోకి వచ్చేసరికి నూలుపోగంత జారుతుంది. ఇది జారలేదు. కుట్లన్నీ బియ్యపుగింజంత, ఒక్కటీ పెద్దది కాదు. ఇన్నేళ్ళలో ఇలాంటి చేయి చూడలేదు. అసూయ కూడా పడ్డాను, ఎవరు చదువుతారు గనక, రాస్తాను.

తర్వాత పాత పట్టీ విప్పాను. లోపల, ప్రతి వరస చివరా ఒక ముడి.

నాకు పని నేర్పిన మా అత్తగారు ముడి చూస్తే బొంతను విసిరికొట్టేది. "ఒకటుంటే ముడి, రెండుంటే ముళ్ళు" అనేది. పసిదాని కింద ముళ్ళు పరుస్తావా అని. దారం కొసను మూడు కుట్లు వెనక్కి తిప్పి, పొరల మధ్యకు దింపేయడం ఆవిడ పద్ధతి. నాదీ అదే. నా బొంతల్లో ఒక్క ముడి చూపించినవాడికి బొంత ఊరికే ఇస్తానని చెబుతుంటాను. ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

అంత చేయి ఉండీ ఈ బద్ధకం ఏమిటమ్మా అని, ఎప్పుడో పోయిన ఆ ముసలామెను పైకే అడిగాను.

జూన్ 9

ఎడమ అంచు ముళ్ళన్నీ తీసేశాను. నలభై మూడు. ఒక్కొక్కటీ కత్తిరించి, కొసలు లోపలికి దింపి, కొత్త పట్టీ కుట్టాను. ఇప్పుడు వేలు పెట్టి చూస్తే వెన్నలా ఉంది. ముసలామె చూస్తే సిగ్గుపడి ఉండేది. కుడి అంచు రెండు రోజులాగి చేస్తాను, కళ్ళు లాగుతున్నాయి.

జూన్ 10

రిటైరయ్యాక మనిషికి కొత్త సరదాలు పుట్టుకొస్తాయి. పొద్దున లేచి చూసేసరికి నా సూదుల దిండు మీద పది సూదులు, పదింటికీ దారాలు ఎక్కించి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు ఏరి కూర్చిన చేతులు, ఊరుకోలేవు కాబోలు. ఎందుకండీ ఇది అంటే, కాలక్షేపం అన్నారు.

ఎడమ పక్క కొంచెం మసగ్గా ఉంటోంది. కొంచెమే. వయసు. అమ్మాయికి ఈ సంగతి తెలిస్తే బిడ్డను నా చేతికి ఇస్తుందా? ఇవ్వదు. నేనైనా ఇవ్వను.

అందుకని నా కళ్ళకు ఏమీ లేదు.

జూన్ 12

పిల్లల్ని దించి వెళుతూ డ్రైవరు వచ్చాడు, ఎంతవరకు వచ్చిందో చూస్తానని. ఎడమ అంచు ముందుకు పెట్టి గర్వంగా చూపించాను. అతను చూడనేలేదు. ముఖం కిటికీ వైపు ఉంది, బొటనవేలు మాత్రం అంచు వెంబడి నడిచింది. కిందిదాకా వెళ్ళింది, పైకి వచ్చింది, మళ్ళీ కిందికి వెళ్ళింది.

"ఇక్కడ ముళ్ళుండాలమ్మా" అన్నాడు.

తీసేశానన్నాను. ఎందుకు తీశానో మా అత్తగారి సామెతతో సహా చెప్పాను. చెబుతుంటేనే అతని ముఖం చూసి నా గొంతు తగ్గిపోయింది.

"మా అమ్మమ్మకి చూపు లేదమ్మా. నేను పుట్టకముందే కళ్ళు పోయాయి. ఆ ముళ్ళు పట్టుకునే కుట్టింది."

నిదానంగా చెప్పాడు, వాళ్ళమ్మ చెప్పగా విన్నదట. వరస మొదట్లో ఒక ముడి, చివర ఒక ముడి. ఆ ముడికీ ఈ ముడికీ మధ్య ఒక దారం బిగించుకుని, ఎడమ చూపుడువేలు దాని మీద నడిపిస్తూ, వేలి వెనకే సూది. ఒక వరస అయ్యాక రెండు వేళ్ళు కిందికి కొలిచి మరో ముడి. ముళ్ళు ఎప్పుడూ పట్టీ లోపలే, బిడ్డ ఒంటికి తగలకుండా. చిన్నప్పుడు ఇతను ఆ అంచు పట్టుకుని బొటనవేలితో ముళ్ళు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాడట. కూతురు కూడా అలా పడుకుంటుందేమోనని ఆశ పడ్డాడు.

"పోనీలెండమ్మా, మీకు తెలీదు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఎడమ అంచుకు నేనే మళ్ళీ ముళ్ళు వేసిస్తానన్నాను. తలూపి వెళ్ళాడు.

సుద్దగీత లేదు. వెలుతురు లేదు. నేను టేపు పెట్టి కొలిచి, జారలేదని అసూయపడిన ఆ వరసలు ఒక చూపులేని మనిషివి. ఆవిడను బద్ధకస్తురాలన్నాను.

జూన్ 13

నా కళ్ళకేమీ కాలేదు. నెత్తికెక్కాయి, అంతే.

జూన్ 15

పట్టీ విప్పి ముళ్ళు వేద్దామని కూర్చున్నాను. ఏ ముడి ఎక్కడ ఉండేదో కనపడటం లేదు. బొంత గళ్ళన్నీ కలిసిపోయి బూడిదరంగు ముద్దలా ఉంది. కిటికీ దగ్గర చూశాను, వరండాలో చూశాను. కుదరక, ముందు చిరుగుకు తెల్ల అతుకు వేశాను. అది బాగానే వచ్చింది.

మధ్యాహ్నం సూదులు లెక్కపెట్టాను. పొద్దున పది, ఇప్పుడు తొమ్మిది.

పని ఆపినప్పుడల్లా సూదులు లెక్కపెట్టడం మా అత్తగారి రెండో శాసనం. ముప్పై రెండేళ్ళలో ఎప్పుడూ తగ్గలేదు. చాప దులిపాను, ఒళ్ళు దులుపుకున్నాను. బొంతను నాలుగుసార్లు కళ్ళతో గాలించాను, ఆ చివర నుంచి ఈ చివరికి. లేదు. ఆయన బజారు నుంచి వచ్చి, సంచీ కింద పెట్టకుండానే వంగి "ఇదిగో" అన్నారు.

తెల్ల అతుకు మీద. నట్టనడుమ. పట్టపగలు. నేను నాలుగుసార్లు వెతికిన చోట.

నెల నిండని పిల్ల వీపు ఆనే చోట.

ఆయన సూదిని దిండులో గుచ్చి, సోమవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు. ఎవరికి బాగోలేదని అడిగాను. ఇంకా అడిగాను చూడండి, అంత మొండిదాన్ని.

"నాకే" అన్నారు. "రోజూ పది సూదులకి దారం ఎక్కించలేక చస్తున్నాను."

నవ్వాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆయన కూరగాయలు సర్దుకుంటూ అక్కడక్కడే తిరిగారు.

జూన్ 16

రాయను.

జూన్ 18

నీటికాసులట. పేరు మాత్రం నగలాగా ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తినేసుకుంటూ వస్తుందట. ఎడమ కన్ను చాలా పోయింది, కుడి కన్ను కొంత. ఎన్నాళ్ళుగా ఇలా అని డాక్టరు అడిగితే నేను "ఒక నెల" అన్నాను, ఆయన "రెండేళ్ళు" అన్నారు. ఇద్దరం ఒకేసారి అన్నాం. డాక్టరు ఆయన మాటే రాసుకున్నాడు.

పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలన్నాడు. రోజుకు రెండుసార్లు చుక్కలు, తప్పకుండా. రెండేళ్ళ ముందే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆపేశాడు. దారిలో ఆయనతో, చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఇదేనేమో అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

అమ్మాయికి ఇప్పుడే చెప్పొద్దన్నాను. ఆయన సరేననలేదు, కాదనలేదు.

జూన్ 21

ఇవాళ్టి సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఒక పొడి గుడ్డతో కళ్ళు కట్టేసుకున్నాను. సగం కనపడే కన్ను అబద్ధాలు చెబుతోంది, అసలు కనపడకపోతే అబద్ధాలుండవు కదా అని. బొంతను ఒళ్ళో పెట్టుకుని ఎడమ అంచు మీద గోరు నడిపించాను. మొదట ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి గోరు ఒకచోట దిగింది. ముప్పై ఐదేళ్ళు ముడి నొక్కుకున్న చోట బట్ట సొట్టపడి ఉంది. కంటికి ఎంత వెతికినా దొరకనిది గోటికి దొరికింది. దాని కింద రెండు వేళ్ళకు ఇంకొకటి. మళ్ళీ రెండు వేళ్ళకు ఇంకొకటి. నా వేళ్ళు కావు, ఆవిడ వేళ్ళు. నావి లావు, ఆవిడవి సన్నం. కాసేపటికి నా వేళ్ళు దగ్గరగా నొక్కుకుని ఆవిడ కొలతకు వచ్చాయి.

అప్పుడు వరసల మీద చేయి వేశాను. చూసినప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయనుకున్నాను కదా, కావు. మొదటి పది వరసలు బిగుతుగా, భయంభయంగా ఉన్నాయి. తర్వాత చేయి వదులైంది. పద్దెనిమిదో వరసలో ఒకచోట తప్పి, నాలుగు కుట్లు విప్పి మళ్ళీ కుట్టింది, పాత బెజ్జాలు ఇంకా తగులుతున్నాయి. ముప్పయ్యో వరస దాటాక ఆవిడకు భయం పోయింది. అంత హాయిగా నేను ఎప్పుడూ కుట్టలేదు. చీకట్లో కూర్చుని ఒక మనిషి ధైర్యం తెచ్చుకోవడం నా అరచేతి కింద, వరస తర్వాత వరస జరుగుతోంది. నేను వట్టి కళ్ళతో చూసి, బియ్యపుగింజలని మెచ్చుకుని, ముళ్ళని తిట్టి లేచిపోయాను.

కుడి అంచు ముళ్ళు పట్టి చూశాను, ఎడమవి ఎలా ఉండేవో తెలుసుకోవాలని. పదో ముడి జంటముడి, ఇరవయ్యోదీ అంతే, లెక్క తప్పకుండా. ముప్పై ఏడోది మాత్రం ఊరికే పెద్దది, నాలుగైదు ముళ్ళు కలిపి వేసింది. ఎందుకో తెలియదు.

ఇవాళ పదకొండు ముళ్ళు వేశాను. నా చేత్తో, నా ఇంట్లో, ముళ్ళు. అత్తగారు క్షమించాలి.

జూన్ 25

అయిపోయింది. పట్టీ వేసేముందు సూదులు లెక్కపెట్టాను, పది. తర్వాత బొంతంతా రెండువైపులా అరచేత్తో తడిమాను, ఆయనతో చూయించాను, మళ్ళీ తడిమాను.

డ్రైవరు వచ్చాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు, బొటనవేలు బయలుదేరింది. పదో ముడి దగ్గర కొంచెం ఆగింది, ఇరవయ్యో దగ్గర ఆగింది, కిందికి పోతూనే ఉంది. ముప్పై ఏడో ముడి దగ్గర ఆగి, నా వైపు తిరిగాడు.

"ఇదేంటమ్మా, ఇంత పెద్దది?"

మీ అమ్మమ్మదే, కుడివైపూ అలాగే ఉంది చూడు అన్నాను. చూశాడు.

"ఇంతదాకా నేనెప్పుడూ రాలేదమ్మా. ముందే నిద్ర పట్టేసేది" అన్నాడు. అంత మనిషి, తల వంచుకుని ఆ ముడి నొక్కుతూ చాలాసేపు నిలబడ్డాడు. బయట బస్సులో ఉన్న ఆయా హారన్ కొట్టింది.

జూలై 1

డ్రైవరు పిల్ల గంటన్నర పడుకుందట, ఛాతీ లేకుండా. గేటు దగ్గర బస్సు ఆపి చెప్పి వెళ్ళాడు.

అమ్మాయికి రేపు చెబుతాను.

జూలై 8

రేపు.

జూలై 19

ఈ సమయంలో చెబితే దానికి బీపీ పెరుగుతుంది. కాన్పయ్యాక చెబుతాను. ఇది నా కోసం కాదు, దాని కోసమే.

(చదువుకుంటే నాకే నవ్వొస్తోంది.)

ఆగస్టు 6

ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు.

వార్డులో అమ్మాయి మంచం మీద ఆనుకుని కూర్చుని, "ఇదిగో అమ్మా, పట్టుకో" అని చేతులు చాచింది. నీరసంగా ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నా చేతులు వాటంతట అవే లేచాయి. వాటిని వెనక్కి తీసుకున్నాను. ఇంతకన్నా కష్టమైన పని నేను చేసి ఎరగను.

ముందు ఒక మాట విను అన్నాను. నీటికాసులన్నాను. రెండేళ్ళన్నాను. ఎడమ పక్క నుంచి ఏదొచ్చినా నాకు తెలియదన్నాను. ఆయన నా భుజం నొక్కారు, ఇక చాలని. సూది సంగతి కూడా చెప్పాను. తెల్లగుడ్డ మీద పట్టపగలు కనపడలేదని, ఆ గుడ్డ మీద ఇంకొకరి బిడ్డ పడుకోవలసి ఉందని.

అమ్మాయి చాచిన చేతులు మెల్లగా వెనక్కి పోయాయి. బిడ్డను గుండెలకు ఆనించుకుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఇవ్వవని."

ఇవాళ బిడ్డను నాకు ఇవ్వలేదు.

ఆగస్టు 20

వెళ్ళాను. అమ్మాయి ఇంట్లో గుడ్డలు ఉతికాను, వంట చేశాను. బిడ్డ పాదం పట్టుకోనిచ్చింది, తను ఎత్తుకునే ఉండి. నా బొటనవేలంత ఉంది ఆ పాదం. అంత చిన్నదానికి ఐదు గోళ్ళు కూడానా. ఇంటికి వచ్చి ఆ వేలితో ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

అల్లుడు ఒక ఆయాను చూశాడట. మంచి మనిషేనట.

సెప్టెంబరు 3

నీలం బొంత పూర్తయింది. నేను కుట్టిన వాటిలో ముళ్ళున్నది ఇదొక్కటే. తీసుకెళ్ళి ఇచ్చాను. అమ్మాయి అంచు తడిమి, ఇవేంటమ్మా అంది. డ్రైవరు అమ్మమ్మ కథ చెప్పాను. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎప్పుడూ ఇంత బుద్ధిగా నా మాట విన్న పిల్ల కాదు.

సెప్టెంబరు 14

చెప్పాపెట్టకుండా బిడ్డతో వచ్చింది. "దీన్ని పడుకోబెట్టు, చూస్తాను" అంది. పరీక్ష. నేనైనా అదే చేసేదాన్ని.

సూదులు, కత్తెర అన్నీ జూన్ నుంచే వెనక గదిలో ఉన్నాయి, ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. చాప పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని ఈ మూల నుంచి ఆ మూలకు అంగుళం వదలకుండా తడిమాను. బొంత వేసి మళ్ళీ తడిమాను. అమ్మాయి ఏం చేస్తున్నావంది.

"చూడటాన్ని నమ్ముకుంటే ఏమైందో చెప్పానుగా" అన్నాను.

అది కాసేపు నన్నే చూస్తున్నట్టుంది. అప్పుడు వంగి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"రోజుకి రెండు గంటలు. నాన్న ఇంట్లో ఉంటేనే. కొన్నాళ్ళు చూద్దాం. తర్వాత సంగతి తర్వాత" అంది. బేరమాడలేదు నేను.

సెప్టెంబరు 15

మొదటి రోజు. దాన్ని ఒళ్ళో వేసుకుని తల నిమిరితే, మాడు మీద వేళ్ళ కింద ఏదో కదిలింది. ముందు భయపడ్డాను. తర్వాత తెలిసింది. ఎముక ఇంకా కలవని ఆ మెత్తటిచోట ప్రాణం టకటకా కొట్టుకుంటోంది. నేను కన్న పిల్లకు ఎన్నిసార్లో నూనె రాసిన చోటే, అప్పుడు తెలియలేదు. చూస్తూ రాశాను కదా. ఇవాళ రెండు గంటలూ ఆ నాడి మీంచి నా వేలు కదపలేదు. నాకు దేవుళ్ళతో పెద్ద మాటల్లేవు గానీ, చేతులు జోడించబుద్ధయింది. చేతులు ఖాళీ లేవు.

అమ్మాయి బజారుకు వెళ్ళొస్తానని బయలుదేరింది. మా ఇంటి మెట్లు పదకొండు. చెప్పుల చప్పుడు నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వినపడలేదు. రెండు గంటలూ అక్కడే కూర్చుంది, పిచ్చిపిల్ల. వచ్చాక, బజారు ఎలా ఉందే అని అడిగాను. రద్దీగా ఉందంది.

సెప్టెంబరు 16

నాలుగో మెట్టే.

సెప్టెంబరు 17

ఆరో మెట్టు. ఆగి, కూర్చున్న చప్పుడు.

సెప్టెంబరు 19

ఇవాళ పాలు తాగించి ఇచ్చింది. తేన్పు సరిగ్గా రాలేదని, భుజం మీద వేసుకోమని, ఎండ పడకుండా చూడమని, ఇంకా ఏవో చెప్పింది. అన్నింటికీ సరేనన్నాను. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

నేను బిడ్డ వీపు నిమురుతూ విన్నాను. నాలుగు. ఆరు. ఆరు దగ్గర ఆగింది. బిడ్డ చిన్నగా మూలిగింది, నేను ఊకొట్టలేదు, పాడలేదు, చప్పుడు చేయకుండా నిమురుతూనే ఉన్నాను. ఏడు. ఎనిమిది. తొమ్మిది, పది, పదకొండు.

తర్వాత గేటు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు, వీధిలో దూరమవుతున్న చెప్పులు.